ఈ ప్రయాణానికి ఏజెంటుకు పైసా కట్టక్కర్లేదు!

కాలేజీ పిల్లల ఫెలోషిప్‌ల గురించి గల్ఫ్‌లోని తల్లిదండ్రులకు కొన్ని ముచ్చట్లు

జెద్దా నుంచి ఒక సైట్ సూపర్‌వైజర్

గల్ఫ్‌లో ఇద్దరు మనోళ్లు కలిస్తే మొదటి ప్రశ్న 'ఏ ఊరు?'. రెండోది 'ఏ కంపెనీ?'. మూడోది మాత్రం కచ్చితంగా 'వీసాకు ఎంత పెట్టినవ్?' అనే. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలని కేంద్రం రూలు. అంతకు రెండింతలు, మూడింతలు కట్టి వచ్చినోళ్లు ప్రతి క్యాంపులోనూ కనిపిస్తారు. అప్పు తెచ్చి కట్టాం, రెండేళ్లు పనిచేసి తీర్చాం. దేశం దాటాలంటే ముందు మనమే ఎవరికో పైసలు ఇవ్వాలన్నది మనకు ఒంటబట్టిన లెక్క.

అలాంటి మన ఇంట్లోనే ఒక రోజు కాలేజీలో చదివే పిల్లో, పిల్లాడో ఫోన్ చేసి, "నాన్నా, నన్ను రెండు నెలలు రీసెర్చ్‌కు పిలిచారు. టికెట్ వాళ్లే ఇస్తరట, ఉండడానికి రూం ఇస్తరట, నెలకు పైసలు కూడా ఇస్తరట" అంటే మనకు ఏమనిపిస్తుంది? నూటికి తొంభై మందికి 'ఎవడో మోసం చేస్తున్నడు' అనే అనిపిస్తుంది. ఊరికే ఎవడిస్తడు? ఇక్కడి అనుభవం మనకు అదే నేర్పింది.

కానీ ఊరికే కాకపోయినా నిజంగానే ఇచ్చేవాళ్లు ఉన్నారు. దాని పేరే ఫెలోషిప్. ఇది తెలియక ఇంట్లోవాళ్లు 'వద్దు' అంటే పిల్లల చేతికి అందిన అవకాశం పోతుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

స్కాలర్‌షిప్ వేరు... ఫెలోషిప్ వేరు

స్కాలర్‌షిప్ అంటే మనందరికీ తెలిసిందే. ఫీజు కట్టడానికో, హాస్టలు ఖర్చుకో ఇచ్చే సాయం. ఊళ్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి తెలియని ఇల్లు లేదు.

ఫెలోషిప్ అట్లా కాదు. ఒక విద్యార్థి ఏదో ఒక ప్రశ్న పట్టుకుని, దానికి జవాబు వెతికే పని చేస్తానంటే, ఆ పని చేసినంతకాలం బతకడానికి ఇచ్చే భత్యం అది. ఆ పనికోసం వేరే ఊరు, వేరే దేశం పోవాల్సి వస్తే దారి ఖర్చు కూడా చాలాచోట్ల అందులోనే కలుపుతారు. ఒక్కమాటలో చెప్పాలంటే స్కాలర్‌షిప్ చదువుకు ఇచ్చేది, ఫెలోషిప్ పనికి ఇచ్చేది. కాబట్టి ఇది దానం కాదు, ఉత్త పుణ్యానికి వచ్చేదీ కాదు. పిల్లలు పనిచేస్తారు, నివేదిక రాసిస్తారు. కాకపోతే ఆ పని ఇటుక మోసే పని కాదు, ఆలోచించే పని.

పీహెచ్‌డీ చేసేవాళ్లకే ఇవి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివిన రోజుల్లో ఆ మాట కూడా ఎవరూ చెప్పలేదు. డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలకు కూడా వేసవి సెలవుల్లో రెండు మూడు నెలల చిన్న ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఈ వ్యాసం ముఖ్యంగా వాటి గురించే.

మన పక్కనే, ఎర్ర సముద్రం ఒడ్డున

జెద్దా నుంచి ఉత్తరం వైపు దాదాపు 80 కిలోమీటర్లు పోతే తువాల్ అనే ఊరు. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల ఊరు. అక్కడ 2009 సెప్టెంబరులో కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ మొదలైంది. పొట్టిగా కౌస్ట్ అంటారు. సౌదీలో అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి చదువుకునేలా పెట్టిన మొదటి యూనివర్సిటీ ఇదే. ఎమ్మెస్, పీహెచ్‌డీ స్థాయి పరిశోధనకే దీన్ని కట్టారు.

ఈ యూనివర్సిటీలో బయటి దేశాల విద్యార్థుల కోసం 'విజిటింగ్ స్టూడెంట్ రీసెర్చ్ ప్రోగ్రాం' అని ఒకటి ఉంది. బీటెక్, బీఎస్సీ మూడో సంవత్సరం గానీ ఆపైన గానీ చదివేవాళ్లు, పీజీ విద్యార్థులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మార్కులు బాగుండాలి. 4కి 3.5 జీపీఏ అడుగుతారు. ప్రొఫెసర్లు ఏయే పనులకు విద్యార్థులు కావాలో ఇంటర్నెట్‌లో జాబితా పెడతారు. అందులోంచి తనకు సరిపోయేది ఎంచుకుని రాయాలి. ఎంపికైతే మూడు నుంచి ఆరు నెలలు అక్కడ ఉండి పనిచేయాలి. రానూపోనూ విమాన టికెట్, వీసా ఖర్చు, ఉండడానికి గది, వైద్య బీమా... ఇవన్నీ వాళ్లవే. పైగా నెలకు 1,000 డాలర్లు. మన లెక్కలో 3,750 రియాళ్లు!

ఒక్కసారి ఆలోచించండి. అదే జెద్దా ఎయిర్‌పోర్టు. మనం అప్పుచేసి దిగిన ఎయిర్‌పోర్టు. మన మేస్త్రీ నెలంతా ఎండలో చేసినా ఆ జీతం రాదు. మన బిడ్డ అదే విమానం దిగి, అదే రోడ్డు మీద వచ్చి, తన చదువు పుణ్యాన గౌరవంగా ఆ గేటు లోపలికి పోవచ్చు. తండ్రి గల్ఫ్ వచ్చాడు కాబట్టి కొడుకూ గల్ఫ్ రావాల్సిందే అని ఊళ్లో అంటుంటారు. వస్తే రానియ్యండి, కానీ ఇట్లా కూడా రావచ్చని తెలియాలి కదా.

క్యాంపులో జరిగిన చర్చ

మా క్యాంపులో షట్టరింగ్ పనిచేసే ఒక అన్న ఉన్నాడు. నిజామాబాద్ వైపు. పదిహేనేళ్లుగా ఇక్కడే. పెద్దమ్మాయి ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. ఆ అమ్మాయికి బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో రెండు నెలల వేసవి ఫెలోషిప్ వచ్చింది. రైలు చార్జీ, నెలనెలా భత్యం ఇస్తామని ఉత్తరం వచ్చింది. తండ్రికి సంతోషం కన్నా భయమే ఎక్కువైంది.

రాత్రి భోజనాలయ్యాక రూంలో అదే చర్చ. ఒకరు, "రెండు నెలలు పోయొస్తే ఉద్యోగం ఇస్తరా?" అన్నారు. ఇంకొకరు, "ఆడపిల్లను తెలియని ఊరికి ఎట్ల పంపుతవ్? సంబంధాలు చూస్తున్నప్పుడు నలుగురు ఏమనుకుంటరు?" అన్నారు. ఇంటి దగ్గర అమ్మాయి తల్లిది కూడా అదే మాట. ఆ అన్న నావైపు తిరిగి, "తమ్మీ, నువ్వు చదువుకున్నోడివి. ఇది నిజమా, అబద్ధమా ముందు అది చెప్పు" అన్నాడు.

నిజమో కాదో చూడడం కష్టమేమీ కాలేదు. ఉత్తరంలో ఎక్కడా పైసలు కట్టమని లేదు. ఆ సంస్థ వెబ్‌సైటులో ఎంపికైనవాళ్ల జాబితా ఉంది, అందులో అమ్మాయి పేరు ఉంది. ఎవరి దగ్గర పనిచేయాలో ఆ శాస్త్రవేత్త పేరు, ఆఫీసు నంబరు ఉన్నాయి. అమ్మాయి కాలేజీ మేడంకు ఫోన్ చేస్తే, "నేనే సిఫారసు లేఖ రాశాను, కళ్లు మూసుకుని పంపండి" అంది. సంస్థ హాస్టల్లో అమ్మాయిలకు వేరే బ్లాకు ఉందని కూడా కనుక్కున్నాం.

అన్న వారం రోజులు నిద్రపోలేదు. చివరికి, "నేను ఇరవై రెండేళ్లకు బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చిన. అప్పుడు నాకు ఎవరు తెలుసు? పోనీ బిడ్డను" అన్నాడు. తల్లిని ఒప్పించడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. అమ్మాయి పోయి వచ్చింది. ఉద్యోగమేమీ చేతిలో పెట్టలేదు. కానీ ఇప్పుడు పీహెచ్‌డీ చేయాలని నెట్ పరీక్షకు చదువుతోంది. ఫోన్‌లో తండ్రికి తను చేసిన పని గురించి అరగంట చెబుతుంది. "సగం అర్థం కాదు తమ్మీ, కానీ వినాలనిపిస్తది" అంటాడు ఆ అన్న.

పరిశోధనతో మనకేం పని?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. జవాబు మన సైట్లోనే ఉంది. కాంక్రీటు పోసినప్పుడు క్యూబ్‌లు తీస్తాం. 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని నొక్కి చూస్తాం. ఈ 28 రోజుల లెక్క ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎక్కడో ల్యాబుల్లో ఎందరో ఏళ్ల తరబడి క్యూబ్‌లు పగలగొట్టి, రాసుకుని తేల్చారు. క్యాంపులో మనం తాగే నీళ్లు సముద్రపు నీళ్లను శుద్ధి చేసినవే. తక్కువ కరెంటుతో ఆ ఉప్పు ఎలా తీయాలన్నది కౌస్ట్‌లో జరిగే పరిశోధనల్లో ఒకటి.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఖతార్. అక్కడ వేసవిలో మధ్యాహ్నం పని ఆపాలన్న రూలు ముందు నుంచే ఉంది. జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పదకొండున్నర నుంచి మూడు దాకా. 2019 వేసవిలో గ్రీసు దేశంలోని థెస్సలీ యూనివర్సిటీ పరిశోధకులు అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున ఖతార్ వచ్చారు. ఎండలో పనిచేసే కార్మికుల మధ్యే ఉండి, పనిచేస్తుండగా వాళ్ల ఒంట్లో వేడి ఎంత పెరుగుతోందో కొలిచారు. ఆ లెక్కలు ప్రభుత్వం ముందుకు వెళ్లాయి. 2021లో రూలు మారింది. ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఎండలో పని బంద్. ఎండ, ఉక్కపోత, గాలి అన్నీ కలిపి చూసే వేడి కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ టైమయినా సరే పని ఆపాల్సిందే.

ఎవరో పైసలు పెట్టి ఆ పరిశోధకులను గ్రీసు నుంచి పంపారు కాబట్టే ఆ లెక్క తేలింది. పరిశోధనకు, ప్రయాణానికి డబ్బు ఎందుకు ఇస్తారో ఇంతకంటే చెప్పక్కర్లేదు. రేపు ఆ కొలిచేవాళ్లలో మన కార్మికుల పిల్లలు ఉంటే, ఏం అడగాలో వాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

ఇండియాలో ఏమేం ఉన్నాయి?

ఇంటి దగ్గర చదివే పిల్లల కోసం కొన్ని ముఖ్యమైనవి చెబుతాను.

సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్: బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇస్తాయి. దేశంలో ఏ ల్యాబులోనైనా రెండు నెలలు శాస్త్రవేత్త దగ్గర పని. నెలనెలా భత్యం, రైలు చార్జీ ఇస్తారు. పెద్ద కాలేజీ పిల్లలకే అన్న నియమం లేదు. మన జిల్లాల డిగ్రీ కాలేజీ పిల్లలు ముందుగా చూడాల్సింది ఇదే.

ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్: ఇంటర్‌లో బోర్డు టాప్ ఒక్క శాతంలో నిలిచి, బీఎస్సీ లాంటి సైన్స్ కోర్సుల్లో చేరినవాళ్లకు కేంద్రం ఇచ్చేది. ఏడాదికి 80 వేలు. అందులో 60 వేలు విద్యార్థికి, 20 వేలు వేసవిలో చేసే రీసెర్చ్ ప్రాజెక్టుకు. ఇంజినీరింగ్ వాళ్లకు వర్తించదు.

వైజ్: ఇది జర్మనీకి చెందిన డీఏఏడీ సంస్థది. సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులు వేసవిలో జర్మనీ పోయి రెండు మూడు నెలలు పనిచేస్తారు. నెలకు భత్యం, ప్రయాణానికి కొంత మొత్తం, బీమా ఉంటాయి. అయితే వాళ్ల జాబితాలో ఉన్న విద్యాసంస్థల వాళ్లకే అవకాశం. మన కాలేజీ అందులో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

జేఆర్ఎఫ్: పీజీ తర్వాత నెట్ పరీక్షలో నెగ్గి పీహెచ్‌డీలో చేరినవాళ్లకు. 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, తర్వాత సీనియర్ అయితే 42 వేలు.

ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్: 2018లో మొదలైంది. మొదటి రెండేళ్లు నెలకు 70 వేలు, మూడో ఏడాది 75 వేలు, ఆ తర్వాత 80 వేలు అన్న లెక్కతో వచ్చింది. పరిశోధన ఖర్చులకు ఏడాదికి 2 లక్షలు అదనం. ఐఐటీలు, ఐఐఎస్సీలలో సాంకేతిక పరిశోధనకు ఐదేళ్లలో పది వేల ఫెలోషిప్‌లు ఇస్తామని 2025 బడ్జెట్లో కేంద్రం ప్రకటించింది.

ఒక హెచ్చరిక. 1999లో మొదలైన కేవీపీవై ఇప్పుడు లేదు. 2022లోనే దాన్ని ఆపి ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. దాని పేరు చెప్పి ఎవరైనా కోచింగ్ ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఇవి కాక మన కోసమే ప్రత్యేకంగా ఒకటుంది. విదేశాల్లోని భారతీయుల పిల్లలకు కేంద్ర విదేశాంగ శాఖ ఇండియాలో డిగ్రీ చదువుకు ఏటా 150 స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా లాంటి ఈసీఆర్ దేశాల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు అందులో విడిగా కొన్ని ఉన్నాయి. గరిష్ఠంగా ఏడాదికి 4,000 డాలర్లు. ఇది ఫెలోషిప్ కాదు, ఫీజుల కోసం. కానీ ఫీజు బరువు తగ్గితేనే కదా పిల్లలు పరిశోధన వైపు చూసేది! ఎంబసీలో అడగండి.

అసలుకు నకిలీకి తేడా

మంచిది ఉన్నచోట మోసం కూడా ఉంటుంది. పట్టుకునే గుర్తులు ఇవి.

ఎంపికైన తర్వాత 'ప్రాసెసింగ్ ఫీజు', 'సీటు డిపాజిట్' అంటూ పైసలు అడిగితే అది ఫెలోషిప్ కాదు. పరీక్ష ఫీజు, పాస్‌పోర్టు ఫీజు వేరే సంగతి. అవి ఎంపికకు ముందు, అధికారిక వెబ్‌సైటులో కట్టేవి.

దరఖాస్తు పెట్టకుండానే 'మీరు ఎంపికయ్యారు' అని వస్తే నమ్మొద్దు. ఎవరి దగ్గర, ఏ పని, ఎన్నాళ్లు అన్నది ఉత్తరంలో లేకపోయినా నమ్మొద్దు.

'విదేశంలో కాన్ఫరెన్స్, మీ పిల్లాడు పేపరు చదవాలి, రిజిస్ట్రేషన్‌కు ఇన్ని డాలర్లు' అనే మెయిళ్లు చాలా తిరుగుతున్నాయి. కాలేజీలో తెలిసిన లెక్చరర్‌కు చూపించకుండా ఒక్క డాలరు కూడా పంపొద్దు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. నిజమైన ఫెలోషిప్‌లలో కూడా పైసలు అనుకున్న రోజుకే రాకపోవచ్చు. కొన్నిచోట్ల టికెట్ ముందు మనం కొని, బిల్లు చూపిస్తే తర్వాత ఇస్తారు. ఇండియాలో భత్యం నెలల తరబడి ఆలస్యమవుతోందని పరిశోధక విద్యార్థులు ధర్నాలు చేసిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి దారి ఖర్చు, రెండు నెలల తిండి ఖర్చు చేతిలో పెట్టి పంపండి. అక్కడే తండ్రి సాయం కావాలి.

దూరంగా ఉండి మనం చేయగలిగేది

మొదటిది పాస్‌పోర్టు. పదో తరగతి పాసైన పిల్లలకు ఈసీఆర్ ముద్ర లేని పాస్‌పోర్టు వస్తుంది. మన పాస్‌పోర్టు మీద ఆ ముద్ర ఉందని వాళ్లకూ ఉంటుందేమోనని భయపడక్కర్లేదు. అవకాశం వచ్చాక తీస్తే టైం సరిపోదు, ముందే తీయించండి.

రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, బ్యాంకులో ఇంకో తీరు. మన ఇళ్లలో ఇది మామూలే. పరాయి దేశం వాళ్లకు ఇవి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. అన్నీ ఒక్క తీరుగా సరిచేయించండి.

మూడోది టైం. వేసవి ఫెలోషిప్‌లకు దరఖాస్తులు చాలావరకు అంతకు ముందు చలికాలంలోనే ముగుస్తాయి. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక వెతికితే ఏమీ దొరకదు. దసరా, దీపావళి సెలవుల్లోనే మొదలుపెట్టాలి.

నాలుగోది ఉపాధ్యాయులు. దరఖాస్తుకు సిఫారసు లేఖ తప్పదు. విద్యార్థిని బాగా తెలిసిన లెక్చరర్ రాస్తేనే దానికి బరువు. సెలవు మీద ఊరికి పోయినప్పుడు మనం బంధువుల ఇళ్లన్నీ తిరుగుతాం. ఒక పూట పిల్లల కాలేజీకి కూడా పోయి వాళ్ల సార్లను పలకరించి రండి.

బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతో సీటు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలు ఎందరో ఉన్నారు. తెలివికి కొదవ లేదు. పెద్ద ఊళ్ల పిల్లలకు ఇవన్నీ సీనియర్లు, బంధువులు చెబుతారు. మన పిల్లలకు చెప్పేవాళ్లే తక్కువ. దరఖాస్తు పెట్టిన అందరికీ రాదు, చాలామందికి మొదటిసారి రాదు కూడా. అయినా పెట్టమనండి. తమకు ఏం తెలుసో, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ఒక పేజీలో రాయడం నేర్చుకున్నా లాభమే.

వచ్చే శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ఎప్పుడూ అడిగే 'ఫీజు ఎప్పుడు కట్టాలి?'తో పాటు ఇంకోటి అడగండి. 'వేసవి రీసెర్చ్‌కు దరఖాస్తు పెట్టినవా?' అని. పిల్లలు 'అదేంది నాన్నా?' అంటే ఈ పేజీ ఫొటో తీసి పంపండి.